దూరంలో ఉన్నవాళ్లకు చెప్పని జ్వరం

డాక్టరుకు చూపించే ముందు మా అత్త నాకు పౌడరు రాసింది. జ్వరంతో కాలిపోతున్న మొహాన్ని తడిగుడ్డతో తుడిచి, పౌడరు అద్ది, బొట్టు పెట్టి, తల దువ్వి జడ వేసింది. పెట్టెలోంచి నేను పెళ్లిళ్లకు కట్టుకునే నీలం చీర తీసింది. ఎందుకత్తా ఇదంతా అంటే, "టీవీలో కనిపిత్తావు గదే, సీదరగా ఉంటే బాగుంటదేటి" అంది. వాదించే ఓపిక నాకు లేదు. ఉండి ఉంటే ఆ రోజే గొడవ పెట్టుకునేదాన్ని, ఇదంతా రాసే పని తప్పేది.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది, అంటే నిరుడు, డాక్టరు ఒక ఊళ్లో, రోగి ఇంకో ఊళ్లో ఉండి టీవీలో చూపించుకునే పద్ధతి మా వైపు కొత్తగా వచ్చింది. నేను దాని చేతిలో పడి బయటపడ్డానని తెలిసి చాలామంది అడుగుతున్నారు, అది మంచిదేనా కాదా అని. ఒక్క మాటలో చెప్పమంటారు. ఒక్క మాటలో చెప్పలేను. అడిగిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పాలంటే ఇంకా ఊపిరి చాలదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఆగస్టు మొదట్లో

మాది విశాఖపట్నంలో సముద్రం ఒడ్డునున్న జాలరిపేట. మా ఆయన సింహాద్రి మరబోటు డ్రైవరు. ఒకసారి హార్బరు దాటాడంటే మళ్లీ ఒడ్డుకొచ్చేసరికి రెండు వారాలు దాటిపోతుంది. మా అత్త పోలమ్మ హార్బరులో రొయ్యలు ఒలిచే చోట పనిచేసి, మోకాళ్లు పట్టేశాక మానేసింది. నా పేరు రత్నం, దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు చెబుతాను. నాదీ జాలరి కుటుంబమే గానీ, మా నాన్న పోర్టులో కళాసీగా చేరి క్వార్టర్స్‌లో కాపురం పెట్టాడు. అందుకే పేట పద్ధతులు చాలావరకు పెళ్లయ్యాకే నేర్చుకున్నాను.

అందులో ఒకటి సెట్టు దగ్గర మాట్లాడటం. హార్బరులో బోటు యజమాని షెడ్డులో ఒక వైర్‌లెస్ సెట్టు ఉంటుంది. సాయంత్రాలు ఆడవాళ్లు అక్కడికి వెళ్లి సముద్రంలో ఉన్న మగవాళ్లతో మాట్లాడతారు. ఒకరు మాట్లాడి "మాటాడు" అని మీట వదిలితే అవతలివాడి గొంతు వస్తుంది. బోటు మరీ దూరంలో ఉంటే మధ్యలో ఉన్న బోట్లు మాట అందుకుని ముందుకు చేరవేస్తాయి. ఆ చుట్టుపక్కల ఉన్న బోట్లన్నీ అన్నీ వింటాయి. అక్కడ ఒక్కటే నియమం. కీడు మాట చెప్పకూడదు. పెళ్లయిన కొత్తలో ఎదురింటి ఎర్రయ్య తల్లి గచ్చు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ సాయంత్రమే ఎర్రయ్య పెళ్లాం సెట్టులో "అందరం బాగున్నాం, మీరు జాగర్త, మాటాడు" అని చెప్పి, మీట వదిలేసి, కళ్లు తుడుచుకుంది. అప్పుడు నాకు అది ఎంతో గొప్పగా అనిపించింది. ఆమె ఓర్పును చూసి లోలోపల దండం పెట్టుకున్నాను కూడా. ఆ దండం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

నాకు జ్వరం వచ్చేనాటికి స్కూల్లో సగం మంది పిల్లలు దగ్గుతున్నారు. టీవీ పెడితే స్వైన్ ఫ్లూ, పేపరు తీస్తే స్వైన్ ఫ్లూ. మందుల షాపుల్లో మాస్కులు అయిపోయి జనం జేబురుమాళ్లు కట్టుకు తిరుగుతున్నారు. నేను ఒకసారి గట్టిగా తుమ్మితే హెడ్మాస్టరు గుమ్మం బయటే నిలబడి, తగ్గేవరకు రావద్దమ్మా అన్నాడు. ఇంటికి వచ్చి పడుకున్నాను. సాయంత్రానికల్లా పేటంతా తెలిసిపోయింది. కుళాయి దగ్గర మా బిందెను ఎవరో పక్కకు తోసేశారని అత్త తిట్టుకుంటూ వచ్చింది. రోజూ నన్ను స్కూలు దగ్గర దింపే ఆటో అతను, ఆస్పత్రికి తీసుకెళ్లమంటే, బ్రేకులు పట్టడం లేదన్నాడు. కాసేపటికి అదే ఆటో నిండా జనంతో మా ముందు నుంచే వెళ్లింది.

పెద్దాసుపత్రికి వెళదామని నేను, వద్దని అత్త. "ఆ వార్డులో ఏసేరంటే మరి మనిషిని సూడనివ్వరంట. నాను ఒప్పను" అంది. నిజం చెప్పాలంటే నాకూ భయమే. ఆ వార్డు గురించి పేటలో ఎవరి నోట విన్నా మంచి మాట లేదు. సరిగ్గా అప్పుడే, మా ఊరి పాతబస్తీలోని ఒక ధర్మాసుపత్రిలో టీవీ వైద్యం పెట్టారని, హైదరాబాదు డాక్టరు చూస్తారని, ఎవరినీ ఉంచేసుకోరని తెలిసింది. మాకది దేవుడు పంపిన దారిలా కనిపించింది.

చవితికి ముందు

బయలుదేరే ముందు పౌడరు, చీర సంగతి చెప్పాను కదా. అత్త ఒక జ్వరం మాత్ర కూడా మింగించింది. ఒళ్లు చల్లబడ్డాక చూపిద్దామంది.

ఆస్పత్రి వెనక రేకుల షెడ్డు కింద బెంచీలు దూరదూరంగా వేశారు. ఎవరి దగ్గరికీ ఎవరూ వెళ్లకూడదు. లోపల గదిలో టీవీ, దాని మీద కెమెరా, మూలన అద్దం అడ్డం వెనక మిషను దగ్గర లలిత అనే అమ్మాయి. జ్వరం చూసే కర్రను నా చేతికిచ్చి దూరంగా జరిగింది. మాత్ర మహిమతో జ్వరం పెద్దగా లేదు. నాడి పట్టేవాళ్లు, వీపు మీద గొట్టం పెట్టి వినేవాళ్లు ఎవరూ లేరు. ఆ రోజుల్లో ముట్టుకోకపోవడమే జాగ్రత్త.

టీవీలో డాక్టరమ్మ కనిపించింది. నడివయసు మనిషి, అలసిపోయిన మొహం. బొమ్మ ఆగి ఆగి కదులుతోంది, ఆమె నోరు కదిలిన కాసేపటికి మాట వస్తోంది. ఆ తెర మీద ఒక పక్కన చిన్నగా నా మొహం కూడా కనిపించింది. గదిలో ఉన్న అందరం అందులో వంకాయరంగులో కనిపిస్తున్నాం. అలాంటి తెర మీద, ఊపిరందక నా పెదాలు నీలం తిరిగితే మాత్రం అవతల ఎవరికి తెలుస్తుంది?

"ఎలా ఉందమ్మా? ఊపిరి బాగా ఆడుతోందా?" అని అడిగింది.

నేను నోరు తెరిచాను. దగ్గు వచ్చింది. దగ్గు ఆపుకుని మొదలుపెడితే ఆమె రెండో ప్రశ్న వచ్చి నా మాట మీద పడింది. నేను ఆగాను. ఆమె కూడా ఆగింది. ఈ ఖాళీలో మా అత్త కుర్చీలోంచి లేచి, కెమెరాకు దగ్గరగా వెళ్లి, సముద్రం అవతలికి వినబడేంత గొంతుతో అంది.

"బాగానే ఉందమ్మా. అందరం బాగున్నాం. మీరు ఒల్లు జాగర్త. మాటాడు."

డాక్టరమ్మ నవ్వింది. తెర మీద నీలం చీర, బొట్టు, నున్నగా దువ్విన తల చూసి ఏ డాక్టరైనా నవ్వుతుంది. మామూలు జ్వరంలా ఉందని, ఇంట్లోనే విడిగా ఉండి విశ్రాంతి తీసుకోమని, ఆయాసం వస్తే ఆలస్యం చేయొద్దని చెప్పింది. వెనక ఇంకా చాలామంది ఉన్నారు. లలిత నా చేతికి డాక్టరమ్మ ఫోను నంబరున్న చీటీ ఇచ్చి తర్వాతివాళ్లను పిలిచింది.

బయటికి రాగానే అత్త మీద విరుచుకుపడ్డాను. విరుచుకుపడ్డానంటే, రెండు మాటలకోసారి గోడ పట్టుకుని ఆగుతూ.

"ఎందుకత్తా అలా చెప్పావు? రాత్రంతా నేను కూర్చునే ఉన్నాను కదా, పడుకుంటే ఊపిరాడక."

"అంత దూరంలో కూకున్న మనిసి గదే. కీడు మాట సెప్తే ఆయమ్మ మాత్రం అక్కడినుంచి ఏటి సేత్తది? ఊరికే కంగారు పడతది."

"ఆవిడ డాక్టరు అత్తా."

"డాక్టరయితే మనిసి కాదేటి?"

నాకు ఏడుపొచ్చింది. తిరిగి లోపలికి వెళ్లాలంటే మళ్లీ వరసలో చివర నిలబడాలి. నిలబడే శక్తి లేక ఇంటికి వచ్చేశాను. మా అత్త చెడ్డది కాదు. దారిలో నా చెప్పు తెగితే తన చెప్పులు నాకిచ్చి ఎండలో ఉత్త కాళ్లతో నడిచింది. కానీ మంచితనంతోనే నన్ను చంపేస్తుందేమోనని ఆ రోజు మొదటిసారి భయపడ్డాను.

చవితి వారం

పేటలో పందిళ్లు వేస్తున్నారు. నేను మంచం మీంచి లేచి గుమ్మం దాకా వెళ్లలేకపోతున్నాను. స్నానానికి చెంబెడు నీళ్లు ఎత్తి పోసుకుంటే మళ్లీ చెంబు ఎత్తేముందు కూర్చోవాలి. సింహాద్రి సెట్టులో నా గురించి అడిగాడట. అత్త వెళ్లి యథాప్రకారం చెప్పి వచ్చింది. ఆ సంగతి ఆవిడే చెప్పింది, నేను సంతోషిస్తాననుకుని.

అత్త రిక్షా మాట్లాడి రెండోసారి ధర్మాసుపత్రికి తీసుకెళ్లేసరికి జోరువాన. షెడ్డు కింద బెంచీలన్నీ నిండిపోయి, అందరూ టీవీ గది తలుపు వైపే చూస్తున్నారు. హైదరాబాదుకు లింకు లేదన్నారు. మబ్బు పడితే డాబా మీది గొడుగులాంటి యాంటెన్నాకు ఏదీ అందదట. నా పక్కన సబ్బవరం నుంచి బిడ్డను ఎత్తుకుని రెండు బస్సులు మారి వచ్చిన ఆడమనిషి కూర్చుంది. "లింకు ఎన్ని గంటలకొత్తాదండీ?" అని వచ్చినవాళ్లందరినీ అడుగుతోంది. అది రోజూ ఒక వేళకు వచ్చే బస్సయితే ఎంత బాగుండేదో.

వాన తగ్గింది. కరెంటు పోయింది. కరెంటు వచ్చింది, టీవీలో హైదరాబాదు గది కనిపించింది, అక్కడ కుర్చీ ఖాళీగా ఉంది. డాక్టరమ్మ వేరే జిల్లా వాళ్లను చూడటానికి వేరే గదిలోకి వెళ్లిందట. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ ఖాళీ కుర్చీని చూసి అరవాలనిపించింది. అరవడానికి గాలి లేదు.

అప్పుడు లలిత అద్దం వెనక నుంచి బయటికి వచ్చింది. రాకూడదు, అయినా వచ్చింది. తన కుర్చీ తెచ్చి నన్ను అందులో కూర్చోబెట్టి, అట్టముక్కతో విసిరింది. "అక్కా, లింకు కోసం కూర్చోకండి. ఆ నంబరుకు ఫోను చెయ్యండి, ఎత్తేవరకు చేస్తూనే ఉండండి" అంది. ఆ జబ్బు మొత్తంలో భయం లేకుండా నా దగ్గరకు వచ్చిన మొదటి పరాయి మనిషి ఆ అమ్మాయే.

ఇంట్లో మా సెల్లుకు సిగ్నలు ఉండదు. వలలు ఆరేసే గట్టు దగ్గర ఉంటుంది. అత్త నన్ను నడుం పట్టుకుని అక్కడికి నడిపించి కూర్చోబెట్టింది. ఎన్నిసార్లు చేసినా లైను బిజీ. చివరికి అవతల గొంతు వినబడగానే అత్త ఫోను లాక్కుంది.

"అమ్మా, మేం జాలరిపేటోలం. ఆ... బాగానే ఉన్నాది..."

నేను ఆవిడ చేయి గిల్లాను. మామూలుగా కాదు, గోళ్లు దిగేలా. ఆవిడ తుళ్లిపడితే ఫోను అందుకున్నాను. అందుకున్నానే గానీ మాట రాలేదు. ఊపిరి మాత్రమే వెళ్లింది.

డాక్టరమ్మ విన్నది. "మాట్లాడకమ్మా. ఒక్క ఊపిరిలో అంకెలు చదువు. ఒకటి నుంచి. ఎక్కడ ఆగితే అక్కడ ఆగిపో" అంది.

నేను పిల్లలకు రోజూ చెప్పించే అంకెలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదు దగ్గర ఛాతీ పట్టేసింది. ఆరు బయటికి రాలేదు.

ఆమె గొంతు మారిపోయింది. పక్కన ఉన్నవాళ్లకు ఫోనివ్వమంది. ఫోను పెద్దగా వినబడే రకం కాబట్టి నాకూ వినిపించింది.

"ఆమెకు ఊపిరి అందడం లేదు పెద్దమ్మా. మొన్న కూడా బాగుందన్నారు. ఎందుకలా చెప్పారు?"

"మీరు అంత దూరాన ఉన్నారు గదమ్మా," అంది అత్త. "కంగారు పడతారని."

అత్త ఫోనును చెవికి ఇంకా నొక్కుకుంది.

"కంగారు పడటానికే నేనిక్కడ కూర్చున్నాను పెద్దమ్మా," అంది డాక్టరమ్మ.

ఆ తర్వాత ఆమె చేసిందంతా జబ్బు తగ్గాక లలిత నాకు చెప్పింది. హైదరాబాదు నుంచే పెద్దాసుపత్రికి ఫోను చేసి, వార్డు డాక్టరును పట్టుకుని, మంచం అట్టేపెట్టించింది. అంబులెన్సును పంపించింది. అంబులెన్సు మా సందులోకి పట్టదు. చవితి పందిరి అడ్డం. పందిరి గుంజ ఒకటి పీకమంటే కమిటీవాళ్లు ముందు నసిగారు. అత్త తనే వెళ్లి గుంజ పట్టుకుని ఊపడం మొదలుపెట్టేసరికి, ఎర్రయ్య పెళ్లాం కూడా వచ్చి ఊపింది.

వార్డులో

వార్డు గురించి ఎక్కువ రాయను. ముక్కుకు ఆక్సిజను, చుట్టూ మాస్కుల్లో కళ్లు. నిజంగానే మనుషులను చూడనివ్వరు, ఆ మాట పేటవాళ్లు అబద్ధం చెప్పలేదు. నా పక్క మంచం మీద కూర్మన్నపాలెం నుంచి వచ్చిన స్టీలు ప్లాంటు ఉద్యోగి భార్య ఉండేది. ఒక ఉదయం నేను కళ్లు తెరిచేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. ఇంటికి పంపించారో మరేం జరిగిందో ఎవరినీ అడగలేదు. అడిగితే నాకూ బాగానే ఉందని చెబుతారని భయం.

మా అత్త రోజంతా గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చునేదని ఆయాలు చెప్పారు. ఒక రోజు కనిపించలేదట. ఆ రోజు ఆవిడ హార్బరుకు వెళ్లింది.

ఈ భాగం నాకు సింహాద్రి చెప్పాడు. బోటు బాగా దూరంలో ఉంది. అత్త సెట్టు ముందు నిలబడి, బోట్లన్నీ వింటుండగా, "సింహాద్రికి సెప్పండి. రత్నానికి ఊపిరందట్లేదు. ఆస్పత్రిలో ఏసేరు. రమ్మనండి. మాటాడు" అంది. షెడ్డులో ఉన్న ఆడవాళ్లు ఆవిడ చేతిలోంచి మైకు లాక్కోబోయారట. ఆ మాటను అందుకున్న మొదటి బోటువాడికి దాన్ని అలాగే ముందుకు పంపడానికి నోరు రాలేదు. "ఒంట్లో బాగోలేదంట" అన్నాడు. రెండో బోటువాడు దాన్ని ఇంకా తగ్గించాడు. సింహాద్రికి చేరేసరికి "రత్నానికి కాస్త జరమంట, కంగారేం లేదంట" అయింది.

అది విన్న వెంటనే సింహాద్రి వలలు తీయించి బోటు వెనక్కి తిప్పేశాడు.

వార్డు కిటికీ అద్దం అవతల నిలబడి నన్ను చూసినప్పుడు, ఒంటి మీద ఉప్పు కూడా కడుక్కోలేదు. నేను చేయి ఎత్తి ఊపాను. ఊపగానే గోడకు జారగిలబడి కింద కూర్చుండిపోయాడు. కిటికీ ఎత్తు తక్కువ కాబట్టి నాకు అందులో అతని తల మాత్రమే కనిపించింది. తర్వాత, లోపలికి రానిచ్చినప్పుడు అడిగితే చెప్పాడు. "సెట్టులో ఎప్పుడైనా జరం మాట ఇన్నావేటి? జరవని సెప్పేరంటే నువ్వు పోయావనుకున్నాను. పోయిన మనిసిని జరవంటన్నారనుకున్నాను." ఒడ్డుకొచ్చేదాకా దారి పొడుగునా నేను చచ్చిపోయాననే అనుకుంటూ వచ్చాడు. అతని మీద జాలి, ఆ సెట్టు మీద కోపం, రెండూ ఒకేసారి ముంచుకొచ్చి దగ్గు పట్టుకుంది. నర్సు వచ్చి నన్ను తిట్టింది.

అత్తను కూడా అడిగాను, ఎలా చెప్పగలిగావని. కాసేపు కొంగు సర్దుకుంది. "ఆ డాక్టరమ్మ కంగారు పడ్డానికే కూకున్నానంది గదా. మరి మొగుడు కాడేటి? ఆడెందుకు కూకోవాల సల్లగా?" అంది.

నా గొంతులోంచి తీసిన నమూనా ఎక్కడికో పరీక్షకు వెళ్లింది. దాని ఫలితం నేను ఇంటికి వచ్చి చారన్నం తింటుండగా వచ్చింది. స్వైన్ ఫ్లూయేనట. చెప్పడానికి వచ్చిన మనిషి గుమ్మానికి దూరంగా నిలబడి, జాగ్రత్తగా ఉండండి అని చెప్పి వెళ్లిపోయాడు.

దీపావళి ముందు

మంచిదేనా కాదా అని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. ఆ పద్ధతి లేకపోతే మా పేట మనిషిని హైదరాబాదు డాక్టరమ్మ ఎప్పటికీ చూసేది కాదు, నా కోసం ఫోను పట్టుకుని మంచం అడిగేదీ కాదు. కానీ చేయి పట్టి చూసే మనిషి ఇవతల లేకుండా ఆ టీవీ ముందు కూర్చోబెట్టడం అన్యాయం. వాన పడితే పోయే లింకును నమ్ముకుని ఆయాసపడేవాళ్లను పగలంతా బెంచీల మీద ఉంచడం అంతకన్నా అన్యాయం. ఇక టీవీలో చూపించుకోబోయేవాళ్లకు నా మనవి ఒకటుంది. పౌడరు రాసుకోకండి. మాత్ర మింగి వెళ్లకండి. మీ బదులు ఇంకెవరినీ మాట్లాడనివ్వకండి.

సింహాద్రి మళ్లీ సముద్రంలోకి వెళ్లాక, నేను మొదటిసారి ఇల్లు దాటి అత్తతో హార్బరు దాకా వెళ్లాను. ఆటోలోనే. ఈసారి బ్రేకులు బాగానే పట్టాయి. షెడ్డుకు నాలుగు మెట్లుంటే మధ్యలో ఆగాను. లోపల ఆడవాళ్లు నాకు చోటిచ్చారు గానీ, అత్త వైపు ఇంకా గుర్రుగానే చూస్తున్నారు.

సెట్టులో సింహాద్రి గొంతు వచ్చింది. "అమ్మా, ఎలగున్నారు? మాటాడు."

అత్త మైకు పట్టుకుని నా వైపు తిరిగింది. "ఏటి సెప్పమంటావే?"

"ఉన్నదున్నట్టు చెప్పత్తా."

ఆవిడ మీట నొక్కింది. "మెట్లెక్కితే ఆగిపోతన్నాది. రేతిరి దగ్గింది. అన్నం రెండు ముద్దలు మించి తింటం లేదు. నిన్నటికంటే ఇయ్యాల నయం. నా మోకాళ్లు పీకుతన్నాయి. మాటాడు."

సెట్టు గరగరమంది. తర్వాత సింహాద్రి, "సరే అమ్మా. ఇన్నాను. మాటాడు" అన్నాడు. ఆ గొంతులో కంగారు లేదు.

అత్త మైకు కింద పెట్టబోతుంటే సెట్టు మళ్లీ గరగరమంది. ఈసారి వేరే గొంతు, వేరే బోటు.

"సిన్నమ్మా, నాను ఎర్రయ్యని. మా ఇంటికాడ అందరూ బాగున్నారని నిన్న సెప్పేరు. నిజవేనా? మాటాడు."

ఎర్రయ్య పెళ్లాం ఆ వేళ షెడ్డుకు రాలేదు. అత్త నా వైపు చూసింది, ఆడవాళ్ల వైపు చూసింది, మీట నొక్కింది.

"ఉండు నాయనా," అంది. "ఎల్లి సూసొచ్చి సెప్తాను."